డయల్ మీద లేని ఊరు

మొన్నటి శ్రీరామనవమికి రెండు రోజుల ముందు ఎటపాక నుంచి ఫోనొచ్చింది. రిటైరైన మాస్టారి ఇల్లు, మాట్లాడింది పెద్దమ్మ. "ఏరా అబ్బాయ్, డల్లాస్ నుంచి అమ్మాయి వస్తా టీవీ వెనక గుచ్చే పుల్ల ఒకటి తెచ్చింది. ఫోన్లన్నిటికీ నెట్ వస్తంది, దీనికి మాత్రం రావట్లా. కల్యాణం పెద్ద టీవీలో చూద్దామనుకుంటే ఇట్లా అయింది. ఒకసారి వచ్చిపోరాదూ." స్టిక్కుని పుల్ల అనడం ఆమె సొంతం. ఆ రోజు నుంచి నా నోటికీ అదే పట్టుకుంది.

నాది భద్రాచలంలో రిపేరు షాపు. మా నాయన పెట్టింది. బోర్డు మీద ఆయన 'రేడియో, టీవీ' అని రాయించాడు. దాని కింద నేను 'డిష్' చేర్చాను, ఇంకా కింద మా అబ్బాయి 'వైఫై' చేర్చాడు. 'రేడియో' అన్న మాట వెలిసిపోయి ఎండపూట అసలు కనపడదు. మావాడు చెరిపేద్దామంటాడు. నేనొప్పుకోను. ఆ కింద వాడు రాయించుకున్న వైఫై కూడా రేడియోనే.

మా వైపు రేడియో కథ సగం వంతెన కథ. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గోదావరి మీద వంతెన ప్రారంభించేదాకా ఏ సామానైనా రేవు దాటి రావాల్సిందే. రైల్లో వచ్చే పార్సిలు దిగే స్టేషన్ పేరేమో 'భద్రాచలం రోడ్'. అది ఉన్నది కొత్తగూడెంలో, ఇక్కడికి 40 కిలోమీటర్లు. పేరు కనపడుతుంది, చేరుకోవడం మన తంటా. వైఫై గురించి నా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో సగం సరిగ్గా ఇదే. పని నేర్చుకోవడానికొచ్చే కుర్రాళ్ళకు ముందు ఆ స్టేషన్ సంగతే చెబుతాను.

మా తాతకు మర్ఫీ వాల్వు సెట్టు ఉండేది. ఇటుకంత బ్యాటరీ, రెండు వేపచెట్ల మధ్య రాగితీగ, బావి గట్టు దగ్గర తడిమట్టిలోకి ఎర్తు. దానితోపాటు లైసెన్సు పుస్తకం కూడా. 1885 నాటి తంతి చట్టం కింద రేడియో పెట్టుకున్నవాడల్లా ఏటా పోస్టాఫీసులో రుసుం కట్టాలి. మా తాత ఆ పుస్తకాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో కలిపి ఒకే సంచిలో దాచేవాడు. ఆ లైసెన్సుల్ని 1980లలో ఎత్తేశారు. ఇప్పుడు ఇంటింటా ఉన్న రౌటరు వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అక్కర్లేదని 2005 జనవరిలో కేంద్రం గెజిట్ ఇచ్చింది. ఆ కాగితం రాకపోతే పెద్దమ్మ కూడా పోస్టాఫీసు వరసలో నిలబడేదేమో!

ఆ సెట్టుకు పగలు విజయవాడ గరగరమంటూ వచ్చేది. చీకటి పడ్డాక మీడియం వేవ్ దూరాలు పోతుంది గనక ఎక్కడెక్కడి స్టేషన్లూ మీదపడేవి. షార్ట్ వేవ్‌లో సిలోన్ ఉండేది. మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేసే వేళకు మా పెదనాన్న పొలం పని వదిలేసి వచ్చేవాడట. ఇక శ్రీరామనవమి నాడు కల్యాణ వ్యాఖ్యానంలో ఉషశ్రీ గొంతు. గుడి మా ఇంటికి అరమైలు. అయినా మా నాయనమ్మ జనంలో నలగలేక ఇంట్లోనే రేడియో ముందు పీట వేసుకుని కూర్చునేది. మాంగల్యధారణ వేళ మా గుమ్మంలోకి గుడి మేళం నేరుగానూ వినపడేది, రేడియోలోంచీ వినపడేది. ఆమె మాత్రం రేడియోలో వచ్చినదాన్నే లెక్క పెట్టుకుని అక్షింతలు వేసేది.

టీవీ వచ్చేసరికి మా అదృష్టం అంత బాగోలేదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది, కానీ టీవీ తరంగం మీడియం వేవ్ లాగా కొండ చుట్టి రాదు. ఎదురుగా గుట్ట ఉందంటే అక్కడితో సరి. 1987 జనవరిలో 'రామాయణ్' మొదలైనప్పుడు, రాముడి ఊళ్ళోనే రాముడు చుక్కల్లో కనపడుతున్నాడని జనం మా నాయన మీద పడ్డారు. ఆయన చేసిందల్లా ఎత్తు పెంచడమే. పైపు మీద పైపు, పైపులు చాలకపోతే అడవి వెదురు, పైన యాంటెన్నా, దానికి బూస్టరు. ఆదివారం పొద్దున ప్రతి పెంకుటింటి మీదా ఒక మనిషి, కింద ఒక మనిషి. "వచ్చిందా?" "రాలా!" "ఇప్పుడో?" "ఆ... ఆ... అయ్యో, పోయింది!" పైనున్నవాడు కదలకుండా అక్కడే ఉంటే బొమ్మ బాగుండేది, దిగితే పోయేది. ఒంట్లో నీళ్ళున్న మనిషి తరంగానికి అడ్డో తోడో అవుతాడని నేను చదివి తెలుసుకునేసరికి ఆ యాంటెన్నాలు పాతసామాను కొట్టుకు వెళ్ళిపోయాయి.

అంతకు ముందు ఏడాదే, 1986 ఆగస్టులో, గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా షాపులో రిపేరుకొచ్చిన సెట్లన్నీ ఒండ్రు తాగాయి. నాయన వాటిని వరసగా ఎండబెట్టి, బ్రష్షుతో కడిగి, సగానికి పైగా బతికించాడు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు నేనూ అదే పని చేశాను. సెట్‌టాప్ బాక్సులు, రౌటర్లు. ఒక్కటీ బతకలేదు. బియ్యపుగింజంత భాగాలుండే ఆ బోర్డుల మధ్య ఒండ్రు చేరితే బ్రష్షు ఏం చేస్తుంది?

నేను అసలు చెప్పాలనుకున్నది 1989 సంగతి. ఆ ఏడు కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. మన జిల్లాకు మన రేడియో. సింగరేణి కాలనీల్లోనూ మా ఏజెన్సీ పల్లెల్లోనూ పండగే అనుకున్నారు. తీరా ప్రసారం మొదలయ్యాక మా షాపు ముందు సైకిళ్ళు నిలబడ్డాయి. అందరి చేతుల్లో రేడియోలు, అందరిదీ ఒకే మాట: "కొత్తగూడెం రావట్లేదు, సిలోను వస్తంది." సముద్రం అవతలిది వస్తుంది, 40 కిలోమీటర్లది రాదు! మొదటి రెండు సెట్లు నాయన విప్పి వాల్వులు మార్చాడు, తీగలు మార్చాడు. వాటిలో ఏ లోపమూ లేదు. కొత్త కేంద్రం పెట్టింది ఎఫ్.ఎం. మీద. మన సెట్లలో ఉన్నవి మీడియం వేవ్, షార్ట్ వేవ్. ఎఫ్.ఎం. ఉండేది 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య. ముల్లు ఎంత తిప్పినా ఆ చోటికి వెళ్ళదు, ఎందుకంటే ఆ చోటు డయల్ మీద లేదు. స్టేషన్ మంచిదే, సెట్టూ మంచిదే. ఒకరి గురించి ఒకరికి తెలియదు, అంతే.

నాయన హైదరాబాద్ కోఠీకి వెళ్ళి అగ్గిపెట్టెంత ఎఫ్.ఎం. కిట్లు తెచ్చాడు. పాత పెట్టె పక్కన బెజ్జం చేసి, కిట్టును లోపల బిగించి, దానికి వేరే చిన్న మర. స్పీకరు మాత్రం పాతదే. పని బాగానే ఉంది గానీ జనానికి తృప్తి లేదు. మర్ఫీ డయల్ గాజు మీద ఢిల్లీ, కొలంబో, లండన్ అని ఊళ్ళ పేర్లుంటాయి కదా, "మా కొత్తగూడెం ఏదీ?" అని అడిగేవారు. నాయన అంటుపట్టీ ముక్క కత్తిరించి దాని మీద బాల్‌పెన్నుతో 'కొత్తగూడెం' అని రాసి ఢిల్లీకీ కొలంబోకీ మధ్య గాజు మీద అంటించేవాడు. ముల్లుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా వాళ్ళు ముందు ముల్లును ఆ పట్టీ మీదికి తెచ్చి, తర్వాతే పక్కనున్న మర తిప్పేవారు.

ఆ తర్వాతి పాతికేళ్ళు త్వరగా గడిచాయి. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి, ఊళ్ళో కేబుల్ తీగలు పరిచారు. అడవి పల్లెలకు కేబుల్ ఎవరు లాగుతారు? వాటికి 2004 డిసెంబర్‌లో వచ్చిన డీడీ డైరెక్ట్ ప్లస్సే దిక్కయింది. నెలనెలా కట్టేది లేదు. మా ఊరి నుంచి ఆ ఉపగ్రహం ఆగ్నేయంగా కనపడుతుంది. ఆగ్నేయం వంటింటి మూల కదా, అందుకని ఎన్నో ఇళ్ళలో డిష్ వంటింటి కప్పు మీదే చేరి పొగచూరేది. చెర్ల దారిలో ఒక గూడెంలో మద్దిచెట్టు చిగురించినప్పుడల్లా బొమ్మ పోయేది, ఆకు రాలాక తిరిగొచ్చేది. ఆ ఇంటివాళ్ళు నన్ను పిలవడం మానేసి ఆకు రాలేదాకా ఓపిక పట్టడం నేర్చుకున్నారు.

2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాలు ఆంధ్రకు వెళ్ళాయి. గుడి ఉన్న భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల అవతలివయ్యాయి. స్కూటర్ మీద పది నిమిషాల్లో రాష్ట్రం మారిపోతుంది. నెట్టు కూడా రెండు తీర్లుగా వచ్చింది. ఆంధ్ర ఫైబర్‌నెట్ 2017 చివర్లో కరెంటు స్తంభాల మీదుగా తీగ వేలాడదీసింది. తెలంగాణ ఫైబర్‌ను మిషన్ భగీరథ నీళ్ళ పైపులతోపాటు మట్టిలో పూడ్చింది. అక్కడ కోతుల బెడద, ఇక్కడ జేసీబీ బెడద.

ఇక పెద్దమ్మ పుల్ల. టీవీ యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకుంటోంది. అర ఆంపియరు చాలక ఇలా అవుతుందని విడిగా అడాప్టరు పెట్టాను. లాభం లేదు. టీవీ ఇనుప వీపు అడ్డమేమోనని హెచ్‌డీఎంఐ పొడుగు తీగతో బయటికి లాగాను. అప్పుడూ లేదు. తేదీ చూశాను, సరిగ్గానే ఉంది. అది చూడటం అలవాటు చేసుకోవాలి. 2025 మార్చిలో గూగుల్ రెండో తరం క్రోమ్‌కాస్టులు లోపలి ధ్రువపత్రం గడువు తీరి ప్రపంచమంతా ఒకేసారి మూగబోయాయి. కంగారుపడి అన్నీ చెరిపేసి మొదటికి తెచ్చుకున్నవాళ్ళు మరింత ఇరుక్కున్నారు. ఆ జబ్బుకు మందు మా షాపుల్లో దొరికేది కాదు.

పుల్ల తెర మీద పక్కింటి వైఫై పేరు ఉంది, ఎదురింటిది ఉంది. ఈ ఇంటిది లేదు. నా ఫోన్ హాట్‌స్పాట్ పెడితే టక్కున అందుకుంది. అంటే పుల్ల మంచిదే. ఫోన్లకు నెట్ వస్తోంది, అంటే రౌటరూ మంచిదే. అప్పుడు నాకు 1989 నాటి సైకిళ్ళు గుర్తొచ్చాయి. రౌటర్ లోపలి పేజీ తెరిచాను. 2.4 గిగాహెర్ట్జ్‌లో తనంతట తాను ఎంచుకున్న ఛానెల్ 13. మన దేశంలో 13 దాకా వాడుకోవచ్చు. అమెరికా కోసం చేసిన సరుకు మామూలుగా 11 దాటి వినదు. డల్లాస్ పుల్లకు 2472 మెగాహెర్ట్జ్ అనే చోటే లేదు. పాతది కాబట్టి 5 గిగాహెర్ట్జ్ కూడా తెలియదు.

ఛానెల్ 6కు మార్చి సేవ్ కొట్టాను. అరనిమిషానికి తెర మీద మాస్టారి ఇంటి పేరు వచ్చింది. పాస్‌వర్డ్ కొట్టి, కిందటేటి కల్యాణం వీడియో పెట్టాను. మేళం మోగింది. మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

పెద్దమ్మ మాత్రం టీవీ చుట్టూ తిరిగి చూస్తోంది. "ఆరు అన్నావు గదా, ఏదిరా ఆ ఆరు?"

ఫోన్లో రౌటర్ పేజీ చూపించాను. ఆమెకు నచ్చలేదు. "నీ ఫోన్లో ఉంటే నాకేం తెలుస్తది? ఇక్కడ రాసిపెట్టు."

పెట్టెలోంచి అంటుపట్టీ తీసి, ముక్క కత్తిరించి, దాని మీద 6 వేసి టీవీ అంచుకు అంటించాను.