గూగుల్ ప్రకటనల్లో కీవర్డ్: అమ్మేవారి మాట కాదు, కొనేవారి మాట

ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్టు తమిళనాడులోని పెద్ద మార్కెట్లలో ఒకటి. ఇక్కడి సరుకులో చాలా భాగం కేరళకు పోతుంది. మండీ దాటి నేరుగా కొనేవారిని వెతుక్కోవాలనుకునే మనవాళ్లకు గూగుల్ ప్రకటన ఒక దారి. కానీ మాట ఎంపిక తప్పితే సరుకు కదలకుండానే డబ్బు కరిగిపోతుంది. అందుకే మునక్కాయను ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాం.

కీవర్డ్ అంటే ఏమిటి?

2000లో ఆడ్‌వర్డ్స్‌గా మొదలైన ఈ సేవను 2018 నుంచి గూగుల్ యాడ్స్ అంటున్నారు. ఎవరైనా వెతికిన మాట మనం ఎంచుకున్న మాటతో కలిస్తే మన ప్రకటన వేలంలోకి వెళుతుంది. సెర్చ్ ప్రకటనల్లో మామూలుగా, ఎవరైనా ప్రకటనను నొక్కినప్పుడే మనకు ఖర్చు. ఎక్కువ పాట పాడినంత మాత్రాన పైస్థానం రాదు. వెతికిన మాటకు ప్రకటన ఎంత సరిపోయింది, తెరుచుకున్న పేజీ ఎంత పనికొస్తుంది అన్నవి కూడా చూస్తారు.

ఒకే కాయకు ఎన్ని పేర్లు?

మనం మునక్కాయ అంటాం. కోస్తా ఆంధ్రలో ములక్కాడ అంటారు. తమిళంలో మురుంగక్కాయ్, మలయాళంలో మురింగక్కాయ. వీటినే చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. పొడి కావలసినవారు ‘మొరింగా పౌడర్’ అని వెతుకుతారు. కాయ కొనేవారు వేరు, పొడి కొనేవారు వేరు. కాబట్టి రెండింటికీ వేర్వేరు యాడ్ గ్రూపులు, వేర్వేరు పేజీలు పెట్టాలి.

మూడు రకాల జోడింపు

బ్రాడ్ మ్యాచ్‌లో మన మాటకు సంబంధం ఉన్న వెతుకులాటలన్నిటికీ ప్రకటన కనిపించవచ్చు. ఏ గుర్తూ లేకుండా మాట రాస్తే గూగుల్ దాన్ని బ్రాడ్‌గానే తీసుకుంటుంది. కోట్ గుర్తుల మధ్య రాస్తే ఫ్రేజ్ మ్యాచ్: మన మాట అర్థం ఆ వెతుకులాటలో ఉండాలి. చదరపు బ్రాకెట్లలో రాస్తే ఎగ్జాక్ట్ మ్యాచ్: అర్థం అదే అయి ఉండాలి. కొద్ది పెట్టుబడితో దిగేవారు ఫ్రేజ్, ఎగ్జాక్ట్‌లతో మొదలుపెట్టడం మేలు.

వద్దన్న మాటల జాబితా

‘డ్రమ్‌స్టిక్’ అంటే ఇంగ్లీషులో మునక్కాయ ఒక్కటే కాదు. డ్రమ్ము వాయించే కర్ర, కోడి కాలు కూడా. అందుకే ‘చికెన్’, ‘డ్రమ్ సెట్’ వంటివి నెగటివ్ కీవర్డ్‌లుగా పెట్టాలి. వంట విధానం, విత్తనాలు, ఉద్యోగం కోసం వెతికేవారు మన సరుకు కొనరు. ఆ మాటలనూ చేర్చాలి. నెగటివ్ జాబితా పర్యాయపదాలను తనంతట తాను పట్టుకోదు. ఏకవచనం, బహువచనం రెండూ విడిగా రాయాలి.

లెక్క ఎలా చూడాలి?

ఒక నొక్కుకు 10 రూపాయలు అనుకుందాం. 100 నొక్కులకు 1,000 రూపాయలు. వాటిలో రెండు ఆర్డర్లే వస్తే ఒక్కో ఆర్డరుకు 500 ఖర్చు. ఆ ఆర్డరులో మిగిలేది 300 అయితే ప్రతి అమ్మకానికీ 200 నష్టమే. నొక్కులు పెరిగాయని సంతోషించే ముందు ఈ లెక్క వేయాలి.

వారానికోసారి ‘సెర్చ్ టర్మ్స్’ నివేదిక తెరవండి. జనం నిజంగా ఏం టైపు చేసి మన ప్రకటన దగ్గరికి వచ్చారో చాలావరకు అందులో కనిపిస్తుంది. ఆర్డరు తెచ్చిన మాటను కీవర్డ్‌గా చేర్చండి, డబ్బు తిన్న మాటను వద్దన్న జాబితాలో వేయండి. సరుకు పంపలేని ఊళ్లను లొకేషన్ సెట్టింగులో తీసేయండి. మండీలో బేరగాడి మాట వినకుండా ధర చెప్పం కదా, ఇక్కడా అంతే.