షెఫీల్డ్ చాకుల మెరుగు

ఉక్కు అలుగు మీది అద్దంలాంటి మెరుపును గీతలే లేని స్థితిగా భావించడం సహజమే గాని, లోహపు పనిలో మెరుగు పెట్టడమంటే గీతలను మాయం చేయడం కాదు; పెద్ద గీతను చిన్న గీతతో, ఆ చిన్న గీతను ఇంకా సన్నని గీతతో చెరుపుకుంటూ, చివరికి మిగిలినవి కాంతిని చెదరగొట్టలేనంత సూక్ష్మమయ్యేదాకా పని సాగించడం. 1704లో వెలువడిన తన కాంతిశాస్త్ర గ్రంథంలో న్యూటన్ ఇంచుమించు ఈ మాటే చెప్పగా, 20వ శతాబ్ది తొలి దశకాల్లో జార్జ్ బీల్బీ మెరుగు రాపిడికి లోహపు పైపొర కొంత పారి గుంటలను కప్పుతుందని వాదించాడు. శాస్త్రజ్ఞుల మధ్య ఆ చర్చ చాలాకాలం నడిచినా, చాకుల పనివారికి అనుభవంలో తెలిసింది ఒక్కటే: ప్రతి మెట్టులోనూ అలుగు నుంచి కొంత ఉక్కు పోతుంది, ప్రతి మెట్టుకూ కూలి పెరుగుతుంది. ఎన్ని మెట్లు ఎక్కాలి, ఎవరు ఎక్కాలి, ఆ మెరుపుకు ఎవరి ఆయుష్షు ఖర్చవుతుంది అన్న ప్రశ్నల చుట్టూ ఇంగ్లండులోని షెఫీల్డ్ నగర చరిత్ర చాలావరకు అల్లుకొని ఉంది.

యార్క్‌షైర్ దక్షిణ భాగంలోని ఆ ఊరి కత్తికి 14వ శతాబ్ది నాటికే పేరుంది; చాసర్ తన కథల్లో ఒకచోట పిండిమర యజమాని దగ్గర షెఫీల్డ్ కత్తిని ఉంచాడంటే, పాఠకులు ఆ పేరును గుర్తుపడతారన్న నమ్మకంతోనే కావాలి. 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన హాలమ్‌షైర్ కట్లర్ల సంఘం, అంటే ఆ ప్రాంతపు కత్తుల పనివారి వృత్తిసంఘం, శిష్యరికపు నియమాలను, ఎవరి సరుకు మీద ఏ ముద్ర ఉండాలన్న విషయాన్ని తన చేతిలోకి తీసుకుంది. అయితే ఆ వృత్తిని అక్కడ నిలిపింది చట్టం కంటె నీరే. డాన్, షీఫ్, పోర్టర్, లాక్స్‌లీ, రివెలిన్ అనే అయిదు నదులు కొండలమీది నుంచి నిటారుగా దిగివచ్చేచోట అడుగడుగునా అడ్డుకట్టలు వేసి, నీటిచక్రాలు తిప్పి, వాటి బలంతో సానరాళ్ళను నడిపేవారు. స్థానికులు సానశాల మొత్తాన్నీ ‘వీల్’ అనే పిలిచేవారు. పోర్టర్ నది మీద 16వ శతాబ్ది చివరి నుంచి పత్రాల్లో కనిపించే షెపర్డ్ వీల్ ఇప్పటికీ నిలిచి, ప్రదర్శనశాలగా సందర్శకులకు తెరిచి ఉంది.

సానపట్టేవాడు సాధారణంగా కర్మాగారపు జీతగాడు కాడు. సానరాయి తిరిగే తొట్టి ఒకదాన్ని అద్దెకు తీసుకుని, కొలిమి పని ముగిసిన అలుగులను ఒకరిద్దరు వ్యాపారుల నుంచి తెచ్చుకొని, లెక్కకు ఇంత అని కూలి పుచ్చుకునేవాడు. జీను ఆకారంలో ఉండే కొయ్యపీట మీద రెండు కాళ్ళూ చెరోవైపు వేసి కూర్చొని, తనకు ఎదురుగా తిరిగే రాతి మీదికి వంగి, ఒంటి బరువుతో అలుగును అదిమిపట్టేవాడు. రాయి కింది భాగం తొట్టిలోని నీళ్ళలో మునిగి ఉండటం వల్ల అలుగు వేడెక్కదు, ధూళి కూడా కొంత అణుగుతుంది. రాతిపొడి, ఉక్కురజను కలిసి తొట్టిలో పేరుకునే పసుపుపచ్చని బురదను ‘స్వార్ఫ్’ అనేవారు. రాళ్ళు చాలావరకు దగ్గరలోని వికర్స్‌లీ గనుల ఇసుకరాతివి. ఆ రాతిలో కంటికి కనిపించని పగులుంటే, తిరిగే వేగానికి అది ముక్కలై మనిషిని పైకప్పు దాకా ఎగరగొట్టిన సంఘటనలు అరుదు కాదు.

రాతి మీద అలుగు ఆకారానికి వచ్చేది గాని మెరుపుకు వచ్చేది కాదు. ఆపై నడిచే పనిలోనే చాకు ఖరీదు తేలుతుంది గనుక దాన్ని కాస్త వివరంగా చూడాలి. రాయి మిగిల్చిన ముతక గీతలను తీయడానికి మొదట వాడేది ‘గ్లేజర్’ అనే కొయ్యచక్రం. తేమకు వంకర పోకుండా కొయ్యముక్కలను నారకొసలు బయటికి వచ్చేలా కూర్చి ఆ చక్రాన్ని తయారుచేసి, దాని అంచుకు తోలు చుట్టి, తోలు మీద సరేసు పూసి, అది ఆరకముందే ఎమెరీ పొడిలో దొర్లించేవారు. ఎమెరీ అంటే కురువిందం, ఇనుప ఖనిజం కలగలిసిన గట్టి రాతిపొడి. మన దేశంలో సానవారు లక్కలో కురువిందపు పొడి కలిపి చక్రం పోసుకున్నట్టే, అక్కడివారు సరేసుతో ఆ పని సాధించారు. చదునైన ముఖాలు, పదునైన కోణాలు చెడకుండా ఉండాల్సినచోట తోలుకు బదులు సీసం, తగరం కలిపిన మిశ్రమలోహాన్ని చక్రపు అంచుకు పోతపోసి, దానిమీద నూనె, మెత్తని ఎమెరీ రాసి వాడేవారు. మెత్తని తోలు అలుగు అంచులను గుండ్రం చేస్తుంది, ఈ లోహపు అంచు మాత్రం చేయదు; పాత చాకుల అలుగుల మీద గీతలు ఇంత నిటారుగా, మూలలు ఇంత స్పష్టంగా ఎలా నిలిచాయన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

చవకరకం చాకు ఈ దశలోనే ఆగిపోయేది. దానిమీద ఒకే దిశలో సాగే సన్నని చారలు మిగులుతాయి, ముఖం మసకగా ప్రతిబింబిస్తుంది; వ్యాపారపు జాబితాల్లో దీన్ని గ్లేజ్ మెరుగు అన్నారు. మేలురకం అలుగు మాత్రం ఇంకొక చక్రానికి వెళ్ళేది. మెత్తని తోలు తొడిగిన ఆ చక్రానికి రాసేది ‘క్రోకస్’ అనే ఎర్రని ఇనుప ఆక్సైడ్ పొడి. అన్నభేదిని బాగా కాల్చితే మిగిలేది అదే. ఈ చక్రాన్ని మునుపటి వాటికంటె నెమ్మదిగా తిప్పేవారు, ఎందుకంటే ఇక్కడ నీళ్ళు లేవు, రాపిడి వేడంతా పలచని అలుగులోకే పోతుంది. పదును నిలవడానికి ఉక్కుకు ఇచ్చిన గట్టిదనం రెండు వందల డిగ్రీల సెల్సియస్ దాటగానే సడలడం మొదలై, ముఖం మీద గడ్డిరంగు, ఇంకా వేడెక్కితే నీలం కనిపిస్తుంది. ఆ నీలాన్ని తుడిచి మళ్ళీ మెరిపించవచ్చు గాని పోయిన గట్టిదనం తిరిగి రాదు. మెరుగువాడి నేర్పంతా ఎక్కడ నొక్కాలో తెలియడం కంటె ఎప్పుడు చేయి తీయాలో తెలియడంలో ఉండేదంటే అతిశయోక్తి కాదు. ఈ పని ఖరీదైనది గనుక, పలు అలుగుల చాకుల్లో పెద్ద అలుగుకు మాత్రమే క్రోకస్ మెరుగు ఇచ్చి, చిన్నవాటిని గ్లేజ్‌తో సరిపెట్టడం వాడుక. కొనేవాడి కన్ను ముందు పడేచోట డబ్బు ఖర్చుపెట్టడం ఏ వ్యాపారికైనా తెలిసిన విద్యే.

ఎంత నేర్పున్నా ఉక్కు సహకరించకపోతే మెరుగు నిలవదు. ఇనుపకడ్డీలను బొగ్గులో పెట్టి కాల్చి చేసే పాతరకపు ఉక్కులో మాలిన్యపు చారలు, బొబ్బలు ఉండిపోయేవి. ముఖం నునుపెక్కేకొద్దీ అవి మచ్చలుగా బయటపడేవి. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు షెఫీల్డ్ పొలిమేరలోని హాండ్స్‌వర్త్‌లో ఉక్కును మట్టిమూసలో పూర్తిగా కరిగించి పోతపోసే పద్ధతి కనిపెట్టాక ఆ మచ్చలు పోయి, అద్దపు మెరుగు సాధ్యపడింది. స్థానిక కట్లర్లు ఆ ఉక్కు మరీ గట్టిదని మొదట వద్దన్నారు, ఫ్రాన్సు కొనుక్కుంది. ఆ ఫ్రెంచి సరుకు పోటీకి వచ్చాకగాని సొంత ఊరివాళ్ళు మనసు మార్చుకోలేదు.

మూసలో ఉక్కు చేయడం దక్కనుకు మాత్రం అప్పటికే చాలా పాత విద్య. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం వంటిచోట్ల కమ్మరులు చిన్న చిన్న మూసల్లో ఇనుమును, కర్రముక్కలు, ఆకుల వంటి వాటిని కలిపి మూతవేసి కరిగించే తీరును బెంజమిన్ హైన్, హెన్రీ వోయ్‌సీ వంటి యూరోపియను వైద్యులు చూసి రాసిపెట్టారు. వోయ్‌సీ కోనసముద్రంలో ఉన్నప్పుడు ఆ ఉక్కు కోసం ఇస్ఫహాను నుంచి వచ్చిన పారసీక వర్తకుడొకడు అక్కడే కనిపించాడు. వూట్జ్ పేరుతో భారతదేశపు ఉక్కు లండనుకు చేరాక, 1795లో జార్జ్ పియర్సన్ దానిమీద రాయల్ సొసైటీకి పరిశోధన పత్రం సమర్పించగా, అతని కోసం ఆ ఉక్కుతో కలంచాకు సాగగొట్టి చూపినవాడు జేమ్స్ స్టోడార్ట్ అనే కట్లరు. యూరపులోని మేలైన ఉక్కు కంటె ఇదే తనకు నచ్చిందని స్టోడార్ట్ తన వ్యాపారపు కార్డు మీదే అచ్చువేయించుకున్నాడు. తరువాత మైకేల్ ఫారడేతో కలిసి దాన్ని అనుకరించే మిశ్రమాల కోసం కొన్నేళ్ళు శ్రమించాడు.

ఇక్కడ మెరుగుకు ఇంకో ప్రయోజనం బయటపడుతుంది. దక్కను ఉక్కుతో చేసిన కత్తులను పారసీక, భారతీయ పనివారు బాగా నునుపు చేసి, ఆపై అన్నభేది జాతి లవణమున్న ఖనిజాన్ని నీళ్ళలో కలిపి పూస్తే, నీటి అలల వంటి నమూనా ఉపరితలం మీద తేలివచ్చేది. మెరుగు సరిగా లేకపోతే ఆ నమూనా గీతల మధ్య కలిసిపోయి కనిపించదు. షెఫీల్డులో పనిముట్ల తయారీ కుటుంబంలో పుట్టిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ 1863-64 ప్రాంతంలో చేసినదీ తత్త్వతః ఇదే: ఉక్కుముక్కను మెట్టుమెట్టుగా అద్దంలా మెరిపించి, పలచని నత్రికామ్లంతో తేలికగా తినిపించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి దానిలోపలి నిర్మాణాన్ని చూశాడు. లోహాల నిర్మాణశాస్త్రం అక్కడ మొదలైంది. సోర్బీ గొప్పతనాన్ని తగ్గించకుండానే చెప్పదగిన మాట ఏమిటంటే, అతని చుట్టూ ఉన్న ఊళ్ళో వేలమంది రోజూ అంత నునుపైన ఉక్కును చేతిలో పట్టుకునేవారు, కాని దాన్ని చూడటానికి కాదు, అమ్మడానికి.

ఆ వేలమంది సంగతి వేరు. 1786లో షెఫీల్డులో ఆవిరియంత్రంతో నడిచే సానశాల వచ్చాక పని నదిని వదిలి ఊరి మధ్యకు చేరింది. వేసవిలో నీరు తగ్గినప్పుడు దొరికే తప్పనిసరి సెలవులు పోయాయి, ఇరుకు గదుల్లో మనుషులు పెరిగారు. ‘గ్రైండర్స్ ఆస్త్మా’గా పేరుపడ్డ జబ్బు నిజానికి ఉబ్బసం కాదు, రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకొని వాటిని గట్టిపరిచే వ్యాధి. డాక్టర్ ఆర్నాల్డ్ నైట్ 1830లో దాన్ని వర్ణించాడు, డాక్టర్ జి. సి. హాలండ్ 1843లో దానిమీద పుస్తకమే రాశాడు. నైట్ లెక్కలను ఎంగెల్స్ 1845 నాటి తన గ్రంథంలో వాడుకొని, నీళ్ళు లేకుండా సానపట్టేవారు సగటున 35 ఏళ్ళు, నీటితో పట్టేవారు మహా అయితే 45 ఏళ్ళు బతుకుతున్నారని చూపాడు. ఫోర్కులు, సూదుల పనివారిది అందరికంటె అధ్వానం. చాకుల వారు నీటి సాన మీద పనిచేసినా, అరిగిన రాతిని మళ్ళీ గుండ్రంగా చెక్కేటప్పుడు, పొడి గ్లేజర్ మీద పని సాగేటప్పుడు ధూళి తప్పేది కాదు. జె. హెచ్. అబ్రహాం 1820ల ఆరంభంలో ఉక్కురజనును పట్టే అయస్కాంత సాధనం తయారుచేసి పతకం పొందాడు గాని, అది ఇనుమును పట్టేది, ప్రాణం తీసే రాతిపొడిని వదిలేది. ధూళిని బయటికి లాగే పంకాలు ఆ లోపాన్ని తీర్చగలిగినవే అయినా పనివారిలో చాలామంది వాటిని వద్దన్నారు: ఆయుష్షు పెరిగితే పనివారి సంఖ్య పెరుగుతుంది, కూలి పడిపోతుందన్నది వారి లెక్క. ఈ లెక్కను అజ్ఞానమని కొట్టిపారేసినవారు అప్పట్లో చాలామందే ఉన్నారు. కాని కూలి రేటు తప్ప వేరే రక్షణ లేనివాడికి అందులోని తర్కం కాదనలేనిది. ఇసుకరాయి స్థానంలో కృత్రిమపు సానచక్రాలు రావడం 20వ శతాబ్దిలోగాని పూర్తికాలేదు. వాటికి ముఖ్యమైన ముడిసరుకైన కార్బొరండాన్ని అమెరికాలో ఎడ్వర్డ్ ఆచిసన్ 1890ల మొదట్లో కనిపెట్టాడు.

ఇంత ఖర్చుతో వచ్చిన మెరుపు వాడకంలో ఎక్కువకాలం నిలిచేది కాదు. మామూలు ఉక్కు పండురసానికి నల్లబడుతుంది, తేమకు తుప్పుపడుతుంది. అందుకని ఇంగ్లీషు ఇళ్ళలో భోజనపు కత్తులను తోలు బిగించిన పలక మీద ఎమెరీ పొడితోనో, సోమర్సెట్‌లోని బ్రిడ్జ్‌వాటర్ నదీమట్టితో చేసే ‘బాత్ బ్రిక్’ ముక్కను గీకిన పొడితోనో రోజూ తోమేవారు. జేబుచాకులకూ అదే వైద్యం జరిగేది. ఫ్యాక్టరీ క్రమం తెలియని చేతులు తోమిన తీరుకు అలుగు అడ్డదిడ్డంగా గీసుకుపోయి, ఏళ్ళ తరబడి తోమగా సన్నబడేది. 1913 ఆగస్టులో షెఫీల్డులోనే హ్యారీ బ్రియర్లీ 12.8 శాతం క్రోమియం కలిపిన తుప్పుపట్టని ఉక్కును పోతపోయించాక భోజనపు బల్ల మీద ఆ తోముడు క్రమంగా ఆగిపోయింది. తొలినాళ్ళలో కట్లర్లు అది కోయని కత్తి అని ఎగతాళి చేశారు. కొత్త ఉక్కు సానకు, మెరుగుకు ఎక్కువ మొండికేయడం కూడా వారి అయిష్టానికి ఒక కారణం. జేబుచాకుల్లో మాత్రం పాత ఉక్కు చాలా దశాబ్దాలు కొనసాగింది.

ఇప్పుడు గీతలుపడ్డ పాత చాకును బాగుచేసేవారు ఎక్కేది ఆనాటి మెట్లే: ముతక రాపిడి కాగితంతో మొదలుపెట్టి, మెట్టు మారినప్పుడల్లా రాపిడి దిశను అడ్డంగా మార్చి, కిందటి గీత ఒక్కటి మిగిలినా పైమెట్టుకు పోకుండా, చివరికి మెత్తని తోలు మీద క్రోకస్. తేడా ఏమిటంటే, కొత్త అలుగులో తీయడానికి ఉన్న ఉక్కు పాత అలుగులో లేదు. లోతైన గీత ఒకటి పోవాలంటే చుట్టూ ఉన్న ముఖమంతా దాని అడుగుకు దిగాలి. దిగితే గోటితో అలుగును లాగడానికి తీసిన గాడి అంచులు కరుగుతాయి, పిడిలోకి చేరే మొదటి భాగం మీది ముద్ర పలచబడుతుంది. జోసెఫ్ రోడ్జర్స్ సంస్థ వాడిన నక్షత్రం-శిలువ గుర్తు, రాణి విక్టోరియా కాలాన్ని తెలిపే అక్షరాలు, 1890 నాటి అమెరికా సుంకపు చట్టం తరువాత ఎగుమతి సరుకు మీద తప్పనిసరైన ‘ఇంగ్లండ్’ అన్న మాట, ఇవన్నీ చాకు వయసును తేల్చే ఆధారాలు. గుడ్డచక్రం మీద నిమిషం సేపు పెట్టినా వీటి అంచులు పోతాయి. అందుకే సేకర్తల బజారులో అద్దంలా మెరిపించిన పాత చాకు కంటె, మసకబారినా గ్లేజర్ చారలు చెక్కుచెదరనిదానికి ఎక్కువ ధర పలుకుతుంది. జాగ్రత్త తెలిసినవారు తుప్పును నూనెతో మెత్తబరిచి తుడిచి, ముద్ర ఉన్నచోట రాపిడి తగలకుండా టేపు అంటించి, లోతైన గీతలను ఉన్నచోటనే వదిలేస్తున్నారు.