కొత్త విద్యార్థికి దారి చూపేదెవరు?

పరిచయ కార్యక్రమంలో కళాశాల విభాగాలన్నింటికీ పాత్ర ఉండాలి

శ్రీకాకుళం, విజయనగరం: పదో తరగతి ముగించి, పాలిసెట్ ర్యాంకుతో పాలిటెక్నిక్‌లో అడుగుపెట్టే విద్యార్థి వయసు సాధారణంగా పదిహేను, పదహారేళ్లకు మించదు. అప్పటివరకు అతనికి తెలిసింది ఊరి ఉన్నత పాఠశాల, అక్కడి ఉపాధ్యాయులు మాత్రమే. ఏ సమస్య వచ్చినా తరగతి ఉపాధ్యాయుడిని అడిగితే సరిపోయేది. పాలిటెక్నిక్‌లో పరిస్థితి వేరు. ప్రవేశాలు ఒక గదిలో, ఉపకార వేతనాలు మరో గదిలో, పరీక్షల వ్యవహారం ఇంకో చోట. వర్క్‌షాప్, గ్రంథాలయం, వసతిగృహం దేనికదే ఒక శాఖ. జ్యోతి ప్రజ్వలన, ప్రిన్సిపల్ ప్రసంగం, శాఖాధిపతుల ఆశీస్సులతో తొలిరోజు సభ ముగుస్తుంది. ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో తెలియక మర్నాటి నుంచి వరండాల్లో తిరిగే పిల్లలు అధ్యాపకులకు కొత్త కాదు.

ఈ తిరుగుడులో పోయేది సమయం ఒక్కటే అయితే పెద్ద నష్టం లేదు. ఉపకార వేతనం దరఖాస్తు గడువు దాటిపోవడం, హాజరు తగ్గి ఏడాది కోల్పోవడం, వసతిగృహంలో ఇమడలేక ఇంటిముఖం పట్టడం వంటివి మొదటి సంవత్సరంలోనే మొదలవుతాయి. వీటిలో చాలా భాగాన్ని తొలి పక్షం రోజుల్లోనే నివారించవచ్చు. అందుకు పరిచయ కార్యక్రమం ప్రిన్సిపల్ ఒక్కరి బాధ్యతగా కాక, విభాగాలన్నీ పంచుకునే పనిగా మారాలి.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఇంజినీరింగ్ కళాశాలల్లో కొత్త విద్యార్థులకు మూడు వారాల పరిచయ కార్యక్రమం నిర్వహించాలని అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2017లో సూచించింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో 2005 నుంచి సాగుతున్న మానవ విలువల బోధన, వారణాసిలోని ఐఐటీ 2016లో చేపట్టిన కార్యక్రమం ఇందుకు నమూనాలయ్యాయి. వ్యాయామం, కళలు, విలువలపై చర్చ, ప్రముఖుల ప్రసంగాలు, స్థానిక ప్రాంతాల సందర్శనతో పాటు సొంత శాఖ పరిచయం కూడా అందులో ఒక అంశం. తప్పెటగుళ్లు పుట్టిన నేలపై కళల గంటకు బయటి నుంచి సరుకు తెచ్చుకోనక్కరలేదు. సందర్శనకు పైడిభీమవరం ఔషధ పరిశ్రమలు, బొబ్బిలి పారిశ్రామికవాడ దగ్గరలోనే ఉన్నాయి.

ర్యాగింగ్ నిరోధానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో తెచ్చిన నిబంధనలు ఇంకా సూటిగా ఉన్నాయి. కొత్తవారిని చిన్న బృందాలుగా విడదీసి ఒక్కో బృందాన్ని ఒక అధ్యాపకునికి అప్పగించాలి. ప్రతి ఆరుగురికి ఒక సీనియర్ విద్యార్థి మార్గదర్శిగా ఉండాలి. అవసరమైనప్పుడు ఎవరిని సంప్రదించాలో ఫోన్ నంబర్లతో సహా ముద్రించిన కరపత్రం ప్రతి విద్యార్థి చేతికి అందాలి. అదే ఏడాది సాంకేతిక విద్యామండలి కూడా తన పరిధిలోని సంస్థలకు ప్రత్యేక నిబంధనలు జారీచేసింది. రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. అయితే కరపత్రంలో ఏ పేర్లు ఉండాలో నిర్ణయించడానికి విభాగాలన్నీ ఒకసారి కూర్చోవలసి ఉంటుంది. చిక్కంతా అక్కడే.

మొదటి గంట ఉపకార వేతనాల విభాగానిదే

ప్రసంగాల కంటే ముందు జరగవలసింది ఇది. విద్యార్థులకు వసతి ఖర్చులు చెల్లించే వసతి దీవెన పథకం 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలోనే ప్రారంభమైంది. అప్పట్లో ఏడాదికి ఐటీఐ విద్యార్థికి రూ.10 వేలు, పాలిటెక్నిక్ విద్యార్థికి రూ.15 వేలు, డిగ్రీ, ఆపై చదువులకు రూ.20 వేలుగా నిర్ణయించారు. బోధన రుసుము సొమ్మును 2021 నుంచి తల్లుల ఖాతాల్లో జమచేశారు. 2024లో ప్రభుత్వం మారింది. ఇలా పథకాల పేర్లు, సొమ్ము చేరే ఖాతాలు మారుతూ వచ్చాయి. అక్కకు వర్తించిన పద్ధతి తమ్ముడికి వర్తించకపోవచ్చు. ఊళ్లో విన్నదాన్ని నమ్ముకున్న కుటుంబం నష్టపోయేది ఇక్కడే.

కాబట్టి కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా, దరఖాస్తు గడువు వంటి వివరాలను ఆ బల్ల వద్ద కూర్చునే గుమస్తాయే స్వయంగా చెప్పాలి. వేదికపై శాఖాధిపతి చెప్పే మాటకూ, రోజూ దరఖాస్తులు సరిచూసే ఉద్యోగి చెప్పే మాటకూ తేడా ఉంటుంది. ఏ పేరు ఎక్కడ తప్పుగా పడుతుందో, ఏ కాగితం లేక దరఖాస్తులు ఆగిపోతాయో తెలిసినవాడు అతనే. పరిచయ సభల్లో అతనికి కుర్చీ వేయడం మన కళాశాలల్లో ఇంకా అలవాటు కాలేదు.

హాజరు లెక్క, బస్సు వేళ

డిప్లొమా పరీక్షకు 75 శాతం హాజరు తప్పనిసరి. అనారోగ్యం వంటి కారణాలపై 65 శాతం వరకు మినహాయింపు ఉంటుంది. అంతకు తగ్గితే పరీక్షకు అనుమతి లేదు, ఆ సంవత్సరం మళ్లీ చదవాలి. పరీక్షల విభాగం ఈ నిబంధనను చదివి వినిపించి వదిలేయకుండా లెక్క కట్టి చూపాలి. ఆరు రోజుల వారంలో ఒకరోజు మానితే హాజరు 83 శాతం. రెండు రోజులు మానితే 67 శాతం. ఈ రెండు అంకెలు నల్లబల్లపై రాస్తే పిల్లలకు మరి వివరణ అక్కరలేదు.

దూరపు మండలాల నుంచి వచ్చేవారికి హాజరు బస్సు వేళతో ముడిపడిన విషయం. ఆర్టీసీ పాస్‌కు అవసరమైన ధ్రువీకరణను కార్యాలయం మొదటి వారంలోనే ఇచ్చివేయాలి. ఏ ఊరి బస్సు ఎన్నింటికి చేరుతుందో సీనియర్ల ద్వారా రాయించి ప్రకటన ఫలకంపై ఉంచడానికి ఖర్చేమీ లేదు.

వర్క్‌షాప్ పరిచయాన్ని మాత్రం సభామందిరంలో జరపకూడదు. వడ్రంగం, ఫిట్టింగ్, రేకుపని, విద్యుత్ వైరింగ్ విభాగాలను ఇరవై, ఇరవైఐదు మంది చొప్పున తిప్పి చూపాలి. బూట్లు ఎందుకు వేసుకోవాలో, వదులు దుస్తులతో యంత్రం దగ్గరకు ఎందుకు రాకూడదో అక్కడి శిక్షకుడు యంత్రం పక్కనే నిలబడి చెప్పాలి. గ్రంథాలయానికి అరగంట చాలు. చివరి ఏడాది పారిశ్రామిక శిక్షణ ఎక్కడెక్కడ దొరుకుతుందో ఉద్యోగ కల్పన విభాగం ఇప్పుడే చెబితే, చదువు ఎటు దారితీస్తుందో తల్లిదండ్రులకు కూడా బోధపడుతుంది.

వసతిగృహం, భాష, తల్లిదండ్రులు

శ్రీకాకుళం, ఆమదాలవలస, టెక్కలి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, విజయనగరంలోని ఎం.ఆర్.ఎ.జి.ఆర్. పాలిటెక్నిక్, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట పాలిటెక్నిక్ వంటి చోట్లకు సవర, జాతాపు కుటుంబాల పిల్లలు వస్తారు. ఇచ్ఛాపురం, మందస ప్రాంతాల్లో ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. వీరికి తెలుగే రెండో భాష. ఇక పాఠాలు ఇంగ్లిషులో. సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లాలో, ఆ భాష తెలిసిన ఒక సీనియర్ విద్యార్థిని వసతిగృహంలో తోడుగా ఉంచడం పెద్ద పనేమీ కాదు.

వార్డెన్, వ్యాయామ అధ్యాపకుడు, మహిళా అధ్యాపకులు, అంతర్గత ఫిర్యాదుల కమిటీ సభ్యులు తొలి వారంలోనే విద్యార్థులకు ముఖపరిచయం కావాలి. ర్యాగింగ్ ఫిర్యాదులకు 1800-180-5522, మానసిక ఒత్తిడికి 14416, పద్దెనిమిదేళ్లు నిండనివారికి 1098 నంబర్లు వసతిగృహం గోడపై కనబడాలి.

తల్లిదండ్రుల సమావేశంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. శ్రీకాకుళం తీరంలోని మత్స్యకారులు అనేకులు గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు వెళతారు. నిర్మాణ పనులకు చెన్నై, బెంగళూరు వెళ్లేవారు మరెందరో. పిల్లల వెంట వచ్చేది తల్లి, లేదా అమ్మమ్మ. ర్యాగింగ్ చేయబోమన్న హామీపత్రంలో విద్యార్థితో పాటు తల్లిదండ్రుల సంతకమూ కావాలి. దానిని చదివి వినిపించి, అర్థం చెప్పిన తర్వాతే సంతకం తీసుకోవడం కార్యాలయం బాధ్యత.

రెండో విడతవారి మాటేమిటి?

ప్రవేశాల కాలంలో సిబ్బందికి ఊపిరి సలపదు. ఖాళీలు ఉన్నచోట ఈ భారం మరింత ఎక్కువ. విభాగాలు వెనుకాడటానికి కారణం అదే. అందువల్ల ఒకేరోజు అందరినీ వేదికపైకి పిలిచే బదులు, రెండు వారాల్లో రోజుకు ఒక విభాగానికి ఒక్క గంట కేటాయిస్తే భారం తగ్గుతుంది. గత ఏడాది విద్యార్థులు తరచుగా అడిగిన ప్రశ్నలు ఐదింటిని, వాటి జవాబులతో సహా ప్రతి విభాగం ఒక పుటలో రాసి ఇస్తే కరపత్రం సిద్ధమైనట్లే. ఈ పనిని సమన్వయపరచడానికి ఒక అధ్యాపకుడు చాలు.

కౌన్సెలింగ్ ఒకే విడతలో ముగియదు. తుది విడతలో, స్పాట్ ప్రవేశాల్లో వచ్చేవారు తరగతులు మొదలైన తర్వాత చేరుతారు. పరిచయ సభ అప్పటికే అయిపోయి ఉంటుంది. సీటు ఆలస్యంగా దొరికిన విద్యార్థికే మార్గదర్శనం ఎక్కువ అవసరం కాబట్టి, ప్రవేశాలు పూర్తయ్యాక విభాగాల పర్యటనను వారి కోసం మరోసారి జరపాలి. డిప్లొమా ముగించి, ఈసెట్ ద్వారా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరేవారిదీ ఇదే పరిస్థితి. మూడు వారాల కార్యక్రమం మొదటి ఏడాది వారిని ఉద్దేశించినది. వీరికి కనీసం ఒక పూట కేటాయించి పరీక్షల విభాగం, గ్రంథాలయం, ఉపకార వేతనాల విభాగం చూపించాలి.