లైబ్రరీ కేటలాగులో మన పుస్తకాలు వెతికే పద్ధతి



గత నెల మన సంఘం ఆఫీసుకు ఒక అమ్మాయి వచ్చింది. మన గల్లీ పిల్లే. కాలేజీ ప్రాజెక్టుకు కామాఠీపురా తెలుగువాళ్ల చరిత్ర రాయాలట. "కాకా, లైబ్రరీ వెబ్‌సైట్‌లో చూశాను, మన మీద ఒక్క పుస్తకం కూడా లేదు" అంది. ఫోన్ తీసి చూపించింది. వెతికే గడిలో ఇంగ్లీషులో "కామాఠీపురా తెలుగు పీపుల్ హిస్టరీ" అని ఒకే వరుసలో కొట్టింది. కింద సున్నా. నేనూ పది నిమిషాలు కొట్టి చూశాను. నాకూ సున్నాయే.

ఆ పిల్ల వెళ్లిపోయాక నాకు మనసొప్పలేదు. జీవితమంతా గుమాస్తాగా ఫైళ్లు వెతికినవాణ్ణి. ఫైలు దొరకలేదంటే ఫైలు లేదని ఎన్నడూ రాయలేదు. ఏ పేరుతో ఎక్కించారో చూసేవాణ్ణి. మరునాడు ఆ పిల్లను మళ్లీ పిలిచి, కాగితం పెన్ను పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. సాయంత్రానికి చూడాల్సిన పుస్తకాల జాబితా ఒక పేజీ నిండింది. ఆ పద్ధతి అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

కేటలాగు అంటే ఏమిటి

పాత లైబ్రరీల్లో చెక్క డ్రాయర్లు, వాటిలో కార్డులు ఉండేవి. ఆ కార్డులే ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కాయి. ఒక్కో పుస్తకానికి రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, భాష, విషయం, కాల్ నంబరు ఉంటాయి. అంతే. పుస్తకం లోపలి పేజీలు అందులో ఉండవు.

గూగుల్‌లో మనం తప్పు రాసినా అదే సరిచేసుకుంటుంది. కేటలాగు చాలాసార్లు అలా చేయదు. అది ఆఫీసు ఇన్‌వర్డ్ రిజిస్టరు లాంటిది. కార్డు రాసినవాడు ఏ అక్షరాలతో ఎక్కించాడో ఆ అక్షరాలతో అడిగితేనే పలుకుతుంది. కాబట్టి సున్నా వస్తే మనం కొట్టిన అక్షరాలు అక్కడ లేవని మాత్రమే అనుకోవాలి.

చిన్న విషయం కోసం పెద్ద విషయం అడగండి

కామాఠీపురా అన్న మాట పుస్తకం పేరులో ఉండకపోవచ్చు, లోపల ఉండవచ్చు. ఉదాహరణకు ఎస్.ఎం. ఎడ్వర్డ్స్ కూర్చిన బొంబాయి నగర గెజిటీర్ 1909-10లో మూడు సంపుటాలుగా వచ్చింది. కామాఠీల ప్రస్తావన, మన పేట ప్రస్తావన అందులో ఉన్నాయి. కానీ కేటలాగులో దాని పేరు "గెజిటీర్ ఆఫ్ బాంబే సిటీ అండ్ ఐలాండ్". కామాఠీపురా అని అడిగితే అది రాదు. బాంబే, గెజిటీర్ అని రెండు మాటలు కొట్టాలి. పుస్తకం చేతికొచ్చాక వెనక ఉండే ఇండెక్సులో కామాఠీ కోసం చూడాలి.

మనుషుల విషయంలోనూ ఇంతే. మహాత్మా ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక్ సమాజ్‌కు ముంబైలో అండగా నిలిచిన తెలుగువారున్నారు: రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలు కాలేవార్, జాయా కరాడీ లింగూ. వీళ్ల పేరు కొడితే కార్డు రాకపోవచ్చు. సత్యశోధక్, ఫూలే, నారాయణ్ మేఘాజీ లోఖండే అని అడిగితే పుస్తకాలు వస్తాయి. వాటి లోపల మనవాళ్లు ఉంటారు.

ముందు స్పెల్లింగులు కాగితం మీద రాసుకోండి

అసలు కిటుకు ఇదే. కంప్యూటర్ ముట్టకముందే ఒక మాటను ఎన్ని రకాలుగా రాస్తారో రాసుకోవాలి.

కామాఠీ: ఇంగ్లీషులో కొందరు 'టీ' పక్కన 'హెచ్' పెడతారు, కొందరు పెట్టరు. బ్రిటిష్ కాలం కాగితాల్లో మొదటి అక్షరం 'కె'కు బదులు 'సి' కూడా కనిపిస్తుంది. పురాలో 'యు' ఒక్కటే ఉండవచ్చు, రెండు 'ఓ'లూ ఉండవచ్చు.

ముంబై: ఊరి పేరు అధికారికంగా మారింది 1995లో. అంతకుముందు వచ్చిన పుస్తకాలకు బాంబే అనీ, తెలుగులో బొంబాయి అనీ కొట్టాలి.

తెలుగు: పాత ఇంగ్లీషు పుస్తకాల్లో మన భాష పేరే వేరు. విలియం కేరీ 1814లో అచ్చు వేసిన వ్యాకరణంలో 'తెలింగ'. 1816లో క్యాంప్‌బెల్ రాసిన వ్యాకరణంలో 'తెలూగూ', రెండు చోట్లా రెండేసి 'ఓ'లు. అంతకు ముందువాళ్లు 'జెంటూ' అన్నారు. మన పాత పుస్తకాల్లో తెలుగుకు బదులు 'ఆంధ్ర' అని ఉంటుంది. చిలుకూరి వీరభద్రరావు గారి పుస్తకం పేరు "ఆంధ్రుల చరిత్రము". అందుకే 'ఆంధ్ర' అని కూడా తప్పక అడగండి.

ఫూలే: పీ-హెచ్ తర్వాత 'యు' ఒకటి, లేదా 'ఓ'లు రెండు. ముందు పేరు జోతీరావు, జ్యోతిరావు, జోతిబా మూడు రకాలూ ఉన్నాయి.

విదేశీ లైబ్రరీల అక్షరాల లెక్క

అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ 1962లో ఢిల్లీలో కార్యాలయం పెట్టి మన భాషల పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. అందువల్ల ఇక్కడ దొరకని తెలుగు పుస్తకాల కార్డులు కూడా అక్కడ ఉన్నాయి. అయితే వాళ్లు తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి మనకు అలవాటైనది కాదు. నాలుగు సంగతులు గుర్తుంటే చాలు.

1. 'చ'కు ఒక్క 'సి' చాలు, 'హెచ్' ఉండదు. చరిత్ర, చలం 'సి-ఏ'తో మొదలవుతాయి.
2. శ, ష, స మూడింటికీ 'ఎస్' కొట్టండి. వాళ్లు పైనా కిందా గుర్తులు పెడతారు, మనం పెట్టనక్కర లేదు. లక్ష్మిలో 'ఎస్' పక్కన 'హెచ్' రాదు.
3. దీర్ఘానికి రెండు అక్షరాలు రాయరు. పైన గీత పెడతారు, దాన్నీ వదిలేయండి.
4. రావు అంటే 'ఆర్-ఏ-వి-యు'. మనం రాసే 'ఆర్-ఏ-ఓ' అక్కడ దొరకకపోవచ్చు. కృష్ణలో 'ఆర్' తర్వాత 'ఐ' ఉండదు.

ఇంటిపేరు ముందా వెనకా

ఊళ్లో మనది ఇంటిపేరు ముందు. ముంబైకి వచ్చాక మరాఠీ పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, ఆఖరున ఇంటిపేరు రాస్తున్నాం. కేటలాగు రాసేవాళ్లకు రెండూ తికమకే. సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు సురవరం కింద ఉండవచ్చు, ప్రతాపరెడ్డి కింద ఉండవచ్చు, రెడ్డి కిందా ఉండవచ్చు. రచయిత గడిలో పూర్తి పేరు కొట్టకండి. అరుదుగా ఉండే ఒక్క మాట, ఇక్కడైతే సురవరం, కొడితే చాలు.

గడిలో కొట్టే కిటుకులు

తక్కువ మాటలతో మొదలుపెట్టండి. ఒకటి రెండు చాలు. మరీ ఎక్కువ వస్తే అప్పుడు ఇంకో మాట కలపండి.

మాట చివర మారేట్టుంటే నక్షత్రం గుర్తు పెట్టండి. 'చరిత్ర' అని కొట్టి చివర నక్షత్రం పెడితే చరిత్ర, చరిత్రము రెండూ వస్తాయి. చాలా లైబ్రరీల్లో ఇది పని చేస్తుంది.

రెండు మాటలు పక్కపక్కనే కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి.

అడ్వాన్స్‌డ్ సెర్చ్ అని ఒక మీట ఉంటుంది. అందులో భాష తెలుగు అని ఎంచుకుని ఏ మాటా కొట్టకుండా వెతికి చూడండి. కొన్ని లైబ్రరీల్లో ఉన్న తెలుగు పుస్తకాలన్నీ వరుసగా వస్తాయి. తర్వాత భాష మరాఠీకి మార్చి కామాఠీ అని మరాఠీ అక్షరాల్లో అడగండి. మన చరిత్రలో చాలా భాగం మరాఠీలో ఉందని మరవొద్దు.

పనికొచ్చే పుస్తకం ఒక్కటి దొరికితే అక్కడితో ఆగకండి. ఆ కార్డులో విషయం అన్న చోట ఉన్న మాట మీద నొక్కండి. అదే విషయం మీద ఉన్న మిగతావి వస్తాయి. కాల్ నంబరు కూడా రాసుకోండి. డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. ఆ నంబరున్న అర దగ్గర నిలబడితే మిగతా తెలుగు సాహిత్య పుస్తకాలూ అక్కడే ఉంటాయి.

ఎక్కడెక్కడ వెతకాలి

మనకు దగ్గర్లో ఫోర్ట్ టౌన్ హాల్ ఉంది. 1804లో మొదలైన ఏషియాటిక్ సొసైటీ అక్కడే. పాత పుస్తకాలు కొన్ని 'గ్రంథ సంజీవని' పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టారు. ఆ ఆవరణలోనే మహారాష్ట్ర ప్రభుత్వ సెంట్రల్ లైబ్రరీ. మనలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం దేశంలో ఏ భాషలో పుస్తకం అచ్చయినా నాలుగు లైబ్రరీలకు పంపాలి: కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ, మన ముంబై సెంట్రల్ లైబ్రరీ. ప్రచురణకర్తలందరూ పంపి ఉండకపోవచ్చు. అయినా విజయవాడలో, హైదరాబాద్‌లో అచ్చయిన పుస్తకం నాగ్‌పాడా నుంచి బస్సులో పోయి చూడగలిగే దూరంలో ఉండే అవకాశం ఉంది.

దాదర్‌లో 1898 నాటి ముంబై మరాఠీ గ్రంథ సంగ్రహాలయం మరాఠీ పుస్తకాలకు పెద్ద దిక్కు. ప్రపంచంలోని ఎన్నో లైబ్రరీలను కలిపి చూడాలంటే వరల్డ్‌క్యాట్. పుస్తకాన్ని ఫోన్‌లోనే చదవాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి ఉన్నాయి. వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో చాలా తప్పులతో ఎక్కించారు. తెలుగు వికీపీడియాలో ఆ పుస్తకాల జాబితాలు తెలుగు లిపిలో ఉన్నాయి, ముందు అక్కడ చూసుకోండి.

బయలుదేరే ముందు

పుస్తకం పేరు, కాల్ నంబరు, ఏ శాఖలో ఉందో కాగితం మీద రాసుకోండి. అందుబాటులో ఉందా, ఎవరైనా తీసుకెళ్లారా అన్నది కార్డులోనే ఉంటుంది. బయటివాళ్లను రానిస్తారా, ఏ గుర్తింపు కార్డు కావాలి అన్నది ముందే ఫోన్ చేసి అడగండి. పాత పుస్తకాలు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. అందుకే లైబ్రేరియన్‌ను అడగడానికి మొహమాటపడొద్దు. "తెలుగు పుస్తకాల పాత కార్డులు ఎక్కడున్నాయి?" అన్న ఒక్క ప్రశ్నతో పని జరగవచ్చు.

చివరిగా ఒక మాట. మన చాల్‌ల పునర్నిర్మాణం మాట నడుస్తోంది. ఖోలీ ఖాళీ చేసే రోజున అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్న తాతల నాటి పుస్తకాలు, సంఘం వార్షిక సంచికలు, భజన మండలి పుస్తకాలు రద్దీవాలా తూకానికి పోతాయి. అవి ఏ కేటలాగులోనూ లేవు. ఒకసారి పోతే ఏ స్పెల్లింగుతో వెతికినా దొరకవు. అందుకే సంఘం ఆఫీసులో ఒక రిజిస్టరు తెరిచాను. ఇంట్లో ఉన్న ప్రతి పాత పుస్తకానికి ఆరు వివరాలు కావాలి: పేరు, రచయిత, అచ్చయిన ఊరు, సంవత్సరం, భాష, ఎవరింట్లో ఉంది. పుస్తకం మాకు ఇవ్వనక్కర లేదు, వివరాలు రాసిస్తే చాలు. మొదటి పేజీ ఫొటో తీసి పంపినా నేనే ఎక్కిస్తాను.

మొదటి పేజీలో మొదటి వరుస ఆ అమ్మాయి రాసింది. వాళ్ల నానమ్మ దాచిన పెద్ద బాలశిక్ష. అట్ట లేదు, సంవత్సరం కనబడటం లేదు. సంవత్సరం గడి ఖాళీగా వదిలి మిగతావి నింపాం. మీ ఇంటి వరుస కోసం రెండో పేజీ సిద్ధంగా ఉంది.

— సంఘం కార్యదర్శి