గీటురాయి, కమ్మచ్చు, కుంపటి: స్వర్ణకారుడి పనిముట్లు చెప్పే చరిత్ర

సింధు నాగరికత చదివేటప్పుడు "హరప్పా ప్రజలకు బంగారం తెలుసు, ఇనుము తెలియదు" అని ఒక వాక్యం రాసుకుని ముందుకు వెళ్లిపోతాం. ఆ బంగారాన్ని ఏ పనిముట్లతో సాగదీశారు, ఎలా అతికారు అన్న ప్రశ్న మన నోట్స్‌లో ఉండదు. ఈసారి ఆ ప్రశ్నను పట్టుకుని నడుద్దాం. కళలు-సంస్కృతి నుంచి మొదలై ఇది పాలిటీ దాకా వెళ్తుంది.

హర్యానాలోని బనావలీ పేరు మీకు ప్రిలిమ్స్‌లో తగిలే ఉంటుంది. అక్కడ తవ్వకాల్లో ఒక నగల వర్తకుడిదిగా భావిస్తున్న ఇల్లు బయటపడింది. పూసలు, చిన్నచిన్న తూకపు రాళ్లతో పాటు బంగారపు గీతలున్న ఒక గీటురాయి దొరికింది. ఒక్క క్షణం ఆలోచించండి. గీటురాయి లోహాన్ని వంచదు, సాగదీయదు, కోయదు. ఎదుటివాడి చేతిలోని లోహం ఎంత స్వచ్ఛమైనదో చెబుతుంది, అంతే. నగల పనిలో నమ్మకమనే సమస్య ఎంత పాతదో ఆ రాయిని చూస్తే తెలుస్తుంది.

ముందు లోహాన్ని మలిచే పనిముట్ల సంగతి చూద్దాం. కుంపటి, మూస, ఊదుగొట్టం, పట్టుకారు, దాకలి, సుత్తి, ఆకురాయి, అచ్చులు, కత్తెర. వీటిలో నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించేది కమ్మచ్చు. వరుసగా సన్నబడుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక అది. బంగారు కడ్డీ కొనను సన్నగా కొట్టి, పెద్ద రంధ్రంలో దూర్చి, అవతలి నుంచి పట్టుకారుతో లాగుతారు. తర్వాత దానికంటే చిన్న రంధ్రం, ఆ తర్వాత ఇంకా చిన్నది. ఇలా లాగుతున్నకొద్దీ లోహం గట్టిపడుతుంది. అలాగే లాగితే తెగిపోతుంది. కాబట్టి మధ్యమధ్య కాల్చి మెత్తబరచాలి. ఎప్పుడు ఆపి కాల్చాలో చెప్పే కొలత పరికరం ఏదీ లేదు, చేతికి తెలియాలి. కరీంనగర్ వెండి తీగ పని, కటక్ తారకసి మొదలయ్యేది ఇక్కడే. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది, మ్యాచింగ్ ప్రశ్నకు పనికొస్తుంది.

అతకడానికి ఊదుగొట్టం కావాలి. నోటితో ఊది మంటను సూదిమొనలా ఒకే చోటికి పంపుతారు. అతుకు దగ్గర టంకం కరగాలి, పక్కనున్న నగ కరగకూడదు. బంగారం కరిగేది 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర, టంకం కరిగేది అంతకు కాస్త తక్కువలో. ఆ కాస్త తేడాలోనే పనంతా జరిగిపోవాలి. అతుకు శుభ్రంగా పట్టాలంటే వెలిగారం చల్లాలి. దీన్ని సంస్కృతంలో టంకణం అంటారు. పాత రోజుల్లో వెలిగారం టిబెట్ సరస్సుల నుంచీ, లద్దాఖ్‌లోని పూగా లోయ నుంచీ కొండదారుల్లో దిగి వచ్చేది. భూతాప శక్తి పాఠంలో మీరు చదివే పూగా ఇదే. దక్కన్ పల్లెలో ముక్కుపుడక అతకడం వెనుక హిమాలయ వర్తకం ఉందన్నమాట.

ఈ సరంజామా మొత్తం ఒక సంచిలో పడుతుంది. అందుకే స్వర్ణకారుడిని ఇంటికే పిలిపించి, అరుగు మీద కూర్చోబెట్టి, కళ్లెదుటే నగ చేయించుకునే అలవాటు ఉపఖండమంతటా ఉండేది. పైకి ఇది సౌకర్యం. అసలు కారణం వేరు: పనిముట్లు అతడివి, బంగారం మనది. నేత, కుమ్మరం వంటి వృత్తుల్లో ముడిసరుకు ఇంత విలువైనది కాదు. పరాయి సొత్తును కరిగించే వృత్తి కావడంతో అనుమానం దాన్ని నీడలా వెంటాడింది.

ఆ అనుమానం ప్రభుత్వ విధానంగా మారిన తీరు అర్థశాస్త్రం రెండో అధికరణంలో స్పష్టంగా కనిపిస్తుంది. (ఆ గ్రంథ కాలంపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు, జవాబులో మౌర్యుల నాటిదని ఖరాఖండిగా రాసేయకండి.) సువర్ణాధ్యక్షుడి ఆధీనంలోని అక్షశాలకు ఒకటే ద్వారం. పనివాళ్లను లోపలికి వెళ్లేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ సోదా చేయాలి. వాళ్ల పనిముట్లు, సగం అయిన నగలు లోపలే ఉండిపోవాలి. అంటే పనివాడికి తన సుత్తి మీద కూడా పూర్తి హక్కు లేదు. తర్వాతి అధ్యాయంలో బంగారాన్ని కాజేసే మార్గాల జాబితా ఉంది. మోసపు మూస, గొట్టం, పట్టుకారు అన్నీ అందులో ఉన్నాయి. పనిముట్ల పేర్లు మనకు దొరుకుతున్నది దొంగతనాల పట్టికలో! శిలప్పదికారంలో కోవలన్ మరణానికి కారణమయ్యేది కూడా రాణి అందెను దొంగిలించిన స్వర్ణకారుడే. శాసనకర్తలు, కవులు, సామెతలు అల్లినవాళ్లు అందరూ బంగారం యజమాని వైపు నిలబడి మాట్లాడారు. దాకలి వెనుక కూర్చున్నవాడి మాట మనదాకా రాలేదు. ఇలాంటి ఆధారాలు చదివేటప్పుడు రాసినవారెవరన్నది ముందు అడగండి.

ఇక ఆధునిక కాలానికి వద్దాం. 1962 చైనా యుద్ధం తర్వాత విదేశీ మారకద్రవ్యం కొరత తీవ్రమైంది. బంగారం గిరాకీనీ, దొంగ రవాణానూ తగ్గించాలని 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా, భారత రక్షణ నిబంధనల కింద బంగారం నియంత్రణ వచ్చింది. 14 క్యారట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగలు చేయకూడదు.

కాగితం మీద ఇది ఒక అంకె మార్పు. కుంపటి దగ్గర మాత్రం లోహమే మారిపోయింది. 22 క్యారట్లంటే 91.6 శాతం బంగారం. 14 అంటే 58.3 శాతమే, మిగతాది రాగి, వెండి వంటివి. మిశ్రమం పెరిగితే లోహం గట్టిపడుతుంది, రంగు మారుతుంది, కమ్మచ్చులో త్వరగా మొండికేస్తుంది. తరతరాలుగా మెత్తని బంగారానికి అలవాటైన చేతికి ఇది వేరే వృత్తితో సమానం. అదలా ఉంచితే, కొనేవాళ్లే 14 క్యారట్ల నగను బంగారంగా లెక్కపెట్టలేదు. లక్షల మంది స్వర్ణకారుల పని పోయింది. ఆత్మహత్యలు పార్లమెంటులో చర్చకు వచ్చాయి. కొన్ని సడలింపుల తర్వాత 1966లో 14 క్యారట్ల పరిమితి ఎత్తేశారు. నియంత్రణ మాత్రం పోలేదు, 1968లో చట్టంగా స్థిరపడింది.

పాలిటీ చదివేవాళ్లు ఇక్కడ ఆగాలి. ఆ చట్టాన్ని హరక్‌చంద్ రతన్‌చంద్ బంథియా కేసు (1969)లో సవాలు చేశారు. సుత్తితో, ఊదుగొట్టంతో ఇంటి దగ్గర చేసే పని 'పరిశ్రమ' అవుతుందా? అవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది, కేంద్ర జాబితాలోని 52వ అంశం కింద పార్లమెంటు అధికారాన్ని సమర్థించింది. అయితే కొన్ని సెక్షన్లు ప్రాథమిక హక్కులపై అసమంజసమైన పరిమితులంటూ కొట్టివేసింది. చట్టం 1990లో రద్దయింది. అప్పటికి దొంగ బంగారం ఆగలేదు. ఆగింది చాలా కుటుంబాల్లో కొడుకు తండ్రి పక్కన కూర్చుని పని నేర్చుకోవడం.

గీటురాయి చేసే పని ఇప్పుడు చాలావరకు ఎక్స్-రే యంత్రానిది. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్కింగ్ తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది వర్తించే చోట ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేని నగ అమ్మకూడదు. ఏడాదికి 40 లక్షల లోపు టర్నోవర్ ఉన్న వర్తకులకు మినహాయింపు ఉంది. కొనేవారికి ఇది మేలే, అందులో నాకు సందేహం లేదు. ఊళ్లో తెలిసిన కంసాలి మాట మీద నడిచిన నమ్మకం మాత్రం దుకాణం ముద్ర మీదికి మారింది, దానితో పాటు బేరమూ మారింది.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకారులూ ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణలో రోజుకు 500, ఐదు శాతం వడ్డీకి మొదటి విడత లక్ష, రెండో విడత రెండు లక్షల రుణం. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి. మెయిన్స్‌లో పథకాన్ని విమర్శనాత్మకంగా చర్చించమంటే ఇంకొకటి చేర్చండి: 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటింది. మొదటి విడత రుణం మొత్తం పెట్టినా కమ్మచ్చులో దూర్చడానికి పది గ్రాములు కూడా రాదు.