రొనాల్డో కాంట్రాక్ట్ సరే, మనోళ్ల కాంట్రాక్ట్ ఏమైంది? హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ

ఇది పెదకాకాని నుంచి ఇంకో ఎపిసోడ్. ఈరోజు టాపిక్ ఫుట్‌బాల్. స్కిప్ చేయకండి, ఇది గోల్స్ గురించి కాదు, జీతాల గురించి.

మొన్న ఒక రాత్రి మ్యాచ్ చూసి, హైవే పక్కన సర్వీస్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర నలుగురం కూర్చున్నాం. ఎప్పుడూ ఉండే గొడవే. రొనాల్డో అల్ నస్ర్‌తో 2027 దాకా సంతకం పెట్టాడు. మెస్సీ ఇంటర్ మయామీతో 2028 దాకా పెట్టాడు. "నలభై దాటాక ఇంకా ఏందిరా, రిటైర్ అవ్వొచ్చుగా" అని ఒకడు. "నీకిస్తే వదులుకుంటావా ఆ డబ్బులు" అని ఇంకొకడు. ఇరవై నిమిషాలు అరుచుకున్నాం. సౌదీ క్లబ్ బడ్జెట్ మా నలుగురికీ నోటికొచ్చు.

పక్క బల్ల మీద మా పెదనాన్న టీ తాగుతున్నాడు. మిరప తోటకి నీళ్లు పెట్టి వస్తున్నాడు ఆ టైంకి. అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు. "ఆళ్ల సంగతి సరేరా, ఈ ఆట మనోళ్లెవరన్నా ఆడారా ఎప్పుడన్నా?"

నలుగురం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. మాడ్రిడ్ బెంచ్ మీద కూర్చునేవాళ్ల పేర్లు కూడా చెప్పగలం. మనోళ్ల పేరు ఒక్కటి రాలా.

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టా. ఆ చదివిందే ఈ ఎపిసోడ్.

ముందు ఒక ఫ్యాక్ట్ చెప్తా, నమ్మబుద్ధి కాదు. ముంబైలో రోవర్స్ కప్ అని ఉండేది, దేశంలో పెద్ద టోర్నమెంట్లలో ఒకటి. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు దాన్ని గెలిచింది ఒకటే జట్టు. కోల్‌కతా జట్టు కాదు, గోవా జట్టు కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్. అవును, పోలీసులే. 1950లో డ్యూరాండ్ కప్ కూడా వాళ్లదే, అది కూడా మోహన్ బగాన్ మీద గెలిచి. 1956-57లో, మళ్లీ 1957-58లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌ది. 1965-66లో అదే ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ పేరు మీద వచ్చింది. అంటే మన రాష్ట్రం దేశానికి ఫుట్‌బాల్ ఛాంపియన్. స్కూల్లో మనకి ఎవరన్నా చెప్పారా? నాకైతే చెప్పలా.

వీళ్లందరి వెనక ఒక మనిషి ఉన్నాడు, సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తికి టీచర్. అందరూ రహీమ్ సాబ్ అనేవాళ్లు. 1950లో సిటీ పోలీస్ జట్టు పగ్గాలు పట్టుకున్నాడు, ఇండియా జట్టుకి కూడా ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ మీద 1-0తో గోల్డ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీఫైనల్‌కి వెళ్లాం, నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. ఆ జట్టు లిస్టు చూడండి: నూర్ మహ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం. అంతా హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు.

1962 జకార్తా ఇంకో లెవెల్. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. తలకి కుట్లున్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీమ్ సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. అతను గోల్ కొట్టాడు, పి.కె. బెనర్జీ ఇంకోటి కొట్టాడు, 2-1తో గోల్డ్. అప్పటికే రహీమ్ సాబ్‌కి క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. 'మైదాన్' సినిమా ఆయన మీద తీసిందే. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ గోల్డ్ రాలేదు.

ఓకే, ఇక్కడిదాకా గొప్పలు. ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. వీళ్లకి కాంట్రాక్ట్ ఎవరిచ్చారు?

చూడండి, ఆ రోజుల్లో ఇండియాలో ఫుట్‌బాలర్లు పేపర్ మీద అమెచ్యూర్లు. అంటే ఆట ఆడినందుకు జీతం లేదు. మరి తినేదేంటి? ఉద్యోగం. పోలీస్ డిపార్ట్‌మెంట్, రైల్వేస్, ఆర్మీ లాంటివి బాగా ఆడే కుర్రాణ్ని చూసి ఉద్యోగంలోకి తీసుకునేవి. పొద్దున ప్రాక్టీస్, టోర్నమెంట్ ఉంటే డ్యూటీ నుంచి వదిలేస్తారు. మోకాలు పోయినా, వయసు అయిపోయినా, ఉద్యోగం మాత్రం ఉంటుంది. రిటైర్ అయ్యేది ఆట నుంచే, జీతం నుంచి కాదు.

అంటే ఆ పోలీస్ ఉద్యోగమే అసలు కాంట్రాక్ట్. అందులో ట్రాన్స్‌ఫర్ ఫీజు లేదు, సైనింగ్ బోనస్ లేదు. కానీ మనం రొనాల్డో విషయంలో గొడవ పడే ప్రశ్న ఉందే, 'ఆట అయిపోయాక ఏంటి', దానికి మాత్రం అందులో జవాబు ఉంది. ఒక తండ్రి కొడుకుని గ్రౌండ్‌కి పంపాలంటే కావాల్సింది ఆ జవాబే.

మరి అంత బాగుంటే ఎందుకు పోయింది? ఒక మనిషి కథలో చెప్తా, తులసీదాస్ బలరాం.

1936లో పుట్టిన సికింద్రాబాద్ కుర్రాడు. ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ వెళ్లాడు. 1957లో కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. ఎందుకంటే డబ్బు, పేరు, నిండిపోయే స్టేడియంలు అన్నీ అక్కడే. అక్కడ ఏటా సీజన్ ముందు ఆటగాళ్లు ఈ క్లబ్ నుంచి ఆ క్లబ్‌కి మారడం పెద్ద హడావుడి. ఇప్పుడు మనం డెడ్‌లైన్ డే అని ఫోన్ రిఫ్రెష్ చేస్తామే, అదే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద గోల్, పెరూ మీద గోల్. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు. 1962 జకార్తా గోల్డ్ జట్టులో ఉన్నాడు, అదే ఏడాది అర్జున అవార్డు.

తర్వాత ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులోకి వెళ్లాడు. గమనించారా? అంత పెద్ద క్లబ్ నుంచి, కెప్టెన్సీ చేసిన మనిషి, రైల్వే ఉద్యోగంలోకి. కొద్దిరోజులకే ఊపిరితిత్తుల జబ్బు. 1963లో ఆట ఆపేశాడు. వయసు 27.

ఫ్రెండ్స్, ఇప్పుడు నాది కూడా దాదాపు అదే వయసు. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో నాలుగేళ్లు చేసి, రిజైన్ చేసి ఇలా వీడియోలు చేస్తున్నా. ఈ వయసులో నేను కొత్తగా మొదలుపెట్టా, ఆయన ముగించాడు. కానీ రైల్వే ఉద్యోగం ఉంది కాబట్టి ఆట పోయినా బతుకు రోడ్డున పడలా. అక్కడే బెంగాల్‌లో, కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో 86 ఏళ్లకి పోయారు. సికింద్రాబాద్ వదిలిన కుర్రాడు తిరిగి రాలేదు.

ఆయనొక్కడే కాదు. 1974లో ఏషియన్ యూత్ టైటిల్ ఇరాన్‌తో కలిసి పంచుకున్న ఇండియా జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ మన హైదరాబాదీయే. ఆయన పేరు మోగింది కూడా కోల్‌కతా క్లబ్బుల్లోనే. నాకు అర్థమైనంతవరకు మూడు జరిగాయి. రహీమ్ సాబ్ పోయారు. బాగా ఆడేవాళ్లు డబ్బున్న ఊరికి వెళ్లిపోయారు. ఆటగాళ్లకి ఉద్యోగమిచ్చే డిపార్ట్‌మెంట్లు తగ్గిపోయాయి. మొదటి రెండూ ఏ ఊరికైనా జరుగుతాయి, తట్టుకోవచ్చు. మూడోది జరిగాక మాత్రం కొత్త కుర్రాడు గ్రౌండ్‌కి రావడం ఆగిపోయింది. ఎందుకొస్తాడు? ఇంట్లో ఏం చెప్పి వస్తాడు?

ఇప్పుడు మన టైంకి వద్దాం. 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి సీజన్ అట్టడుగు. తర్వాత కోచ్‌గా స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు, కుర్రాళ్లని నమ్మాడు. 2021-22లో నైజీరియా స్ట్రైకర్ ఒగ్‌బెచే 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు.

2022 మార్చి 20, ఫైనల్. నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఇక్కడే ఉన్నా, మా డాబా మీద ఫోన్లో చూశా. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది, అంటే ఛాంపియన్ అయిన సీజన్‌లో హైదరాబాద్ తన ఊళ్లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. కేరళ బ్లాస్టర్స్ గోల్ కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. మా అమ్మ ఏమైందోనని పైకి పరిగెత్తుకొచ్చింది, అంత గట్టిగా అరిచా.

తర్వాతి సీజన్లో పట్టికలో రెండో స్థానం. నేను ఆఫీస్ కోసం హైదరాబాద్ వెళ్లి, గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీ వేసుకుని కూర్చున్నా. మనకీ ఒక జట్టు ఉంది అనుకున్నా.

ఒక్క ఏడాదే. 2023లో మార్కెజ్ గోవా క్లబ్‌కి వెళ్లాడు. 2023-24లో జీతాలు అందట్లేదని వార్తలు. ఆటగాళ్లు ఒక్కొక్కరే కాంట్రాక్ట్ తెంచుకుని వెళ్లిపోయారు. ఫిఫా కొత్త ఆటగాళ్లని తీసుకోకుండా నిషేధం పెట్టింది. విదేశీయుల్లో కెప్టెన్ జోవా విక్టర్ ఒక్కడే ఎక్కువ కాలం మిగిలాడు, చుట్టూ కుర్రాళ్లు. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఏకంగా ఢిల్లీ వెళ్లిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. నా జెర్సీ బీరువాలో ఉంది. దాని మీదున్న ఊరి పేరుతో ఇప్పుడు ఆ జట్టే లేదు.

వెళ్లిపోయిన ఆటగాళ్లని అప్పట్లో ద్రోహులన్నారు చాలామంది. నేనలేకపోయా. నేను చేసిన ఒక చిన్న కంపెనీలో రెండు నెలలు జీతం ఆగింది. రూమ్ అద్దె, ఈఎంఐ, ఇంట్లో చెప్పలేకపోవడం, అన్నీ తెలుసు. నాకు లాప్‌టాప్ ఉంటే ఇంకో ఉద్యోగం దొరుకుద్ది, ఇంకో ముప్పై ఏళ్లు చేయొచ్చు. ఫుట్‌బాలర్‌కి ఉండేది పదీ పన్నెండేళ్లు. అందులో ఒక సీజన్ జీతం లేకుండా పోవడమంటే మనకి మూడేళ్లు పోయినట్టు.

ఇదంతా చదివి మర్నాడు పెదనాన్నకి చెప్పా. రహీమ్ సాబ్, బలరాం, పోలీస్ జట్టు, ఢిల్లీ వెళ్లిపోయిన క్లబ్, అన్నీ. ఆయన చాలాసేపు విన్నాడు. తర్వాత అన్నాడు, "ఇది కౌలు యవ్వారం లాగుందిరా. ఏడాది కౌలుకి తీసుకున్నోడు మిరప ఏస్తాడు, పత్తి ఏస్తాడు, చేతికొచ్చింది కోసుకుపోతాడు. కౌలు చేలో మామిడి మొక్క ఎవుడన్నా నాటుతాడా?"

నేను ఒక రాత్రంతా చదివి చెప్పలేంది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. కౌలు రైతు తప్పు కాదది. వచ్చే ఏడాది ఆ చేను తనదో కాదో తెలియనప్పుడు ఎవరైనా అంతే. సిటీ పోలీస్ జట్టు సొంత చేను. అందుకే రహీమ్ సాబ్ పదమూడేళ్లు ఒకే చోట నిలబడి మొక్కలు పెంచగలిగాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ కౌలు చేను. ఒక సీజన్ బంగారం పండింది, కాదనను. తర్వాత ఖాళీ.

కాబట్టి ఈసారి టీ కొట్టు దగ్గర కాంట్రాక్ట్ గొడవ వస్తే నేను అడిగే ప్రశ్న మారింది. ఆటగాడికి ఎంతిస్తున్నారు అని కాదు. జీతం టైంకి వస్తుందా, ఆట అయిపోయాక ఏంటి, జట్టు వచ్చే ఏడాది అదే ఊళ్లో ఉంటుందా. ఈ మూడూ ఉన్నచోట ఫుట్‌బాల్ ఉంటుంది. 1950లో మన దగ్గర ఈ మూడూ ఉన్నాయి.

మరి ముందు ముందు? పూర్తిగా చీకటేం కాదు. హైదరాబాద్‌లో శ్రీనిధి డెక్కన్ అనే క్లబ్ ఉంది, 2022-23లో, 2023-24లో ఐ-లీగ్‌లో రెండో స్థానం తెచ్చుకుంది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఇండియా జట్టుకి ఆడుతుంది, 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు తీసుకుంది. ఆమె ఆ సీజన్ ఆడిన క్లబ్ ఏదో తెలుసా? ఈస్ట్ బెంగాల్. 1957లో బలరాం వెళ్లిన క్లబ్బే. దాదాపు డెబ్బై ఏళ్లయింది, మన పిల్లలు ఎక్కాల్సిన రైలు ఇంకా అదే.

ఆమె సంతోషంగా ఆడాలి, గోల్స్ కొట్టాలి. కానీ ఆమెని చూసి బూట్లు కొనుక్కునే పదేళ్ల పిల్ల ఒకతి మన దగ్గర ఉంటుంది కదా. ఆ పిల్లకి ఇక్కడే కాంట్రాక్ట్ ఇచ్చేవాళ్లు ఉండాలి.

మీ ఊళ్లో ఫుట్‌బాల్ ఆడి ఆపేసిన అన్నయ్యో, బాబాయో ఎవరన్నా ఉంటే ఈరోజు ఒక్కసారి అడగండి, ఎందుకు ఆపేశావు అని. మా పెదనాన్న అడిగాడు కాబట్టే నాకు ఈ కథ తెలిసింది. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.