ముక్కిన గింజ ఎవరి వాటా

ధాన్యం కొట్టులో గుమాస్తాకి లెక్కలకన్నా ముందు వాసన నేర్పేవారు. నర్సీపట్నంలో నేను పనికి కుదిరిన కొట్టులో సంచి మూతి విప్పగానే గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ఆ తర్వాత ఒక గింజ పళ్ల కింద. పటుక్కుమంటే ఎండినట్టు. మెత్తగా అణిగితే సంచి పక్కకి.

చింతపల్లి ఘాటీ దిగొచ్చే చోళ్లతో (రాగులతో) ఈ తంటా ఉండేది కాదు. బాగా ఎండితే అవి ఏళ్ల తరబడి నిలవుంటాయి. పేచీ అంతా మొక్కజొన్న, వేరుశనగ, తుపానుకి తడిసిన వరితోనే. పక్కకి పెట్టిన ఆ సంచుల్ని పారబోయడం మాత్రం నేనెన్నడూ చూడలేదు. సగం ధరకి కూలోళ్ల ఇళ్లకి పోయేవి, మరీ పాడైతే కోళ్లకీ గొడ్లకీ. బూజు దులిపి, కడిగి, ఎండేసి వండుకుంటే ఏమీ కాదనేవారు పెద్దలు.

ఆ మాట ఎంత తప్పో కోళ్ల చావుతో బయటపడింది. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చచ్చాయి. మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో దోషం తేలింది. పచ్చటి బూజు ఒకటి గింజలో వదిలే ఆ విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. దానికి వాసన లేదు. బూజు దులిపినా గింజలోనే ఉంటుంది, పొయ్యి మీద ఉడికినా విరగదు. అంత విలువైన కోళ్లు పోయాయి గనకే దాన్ని అంత పట్టుగా వెతికారని నా అనుమానం.

మన దేశంలో అది మనుషుల్నే పట్టింది. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన పల్లెల్లో వానకి తడిసిన మొక్కజొన్న తిన్నవాళ్లకి పచ్చకామెర్లొచ్చి, పొట్టలు ఉబ్బాయి. జబ్బుపడ్డ 397 మందిలో 106 మంది పోయారు. వాళ్ల ఎంగిలి తిన్న కుక్కలూ పోయాయి. కారణం పట్టుకున్నది మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఆ మొక్కజొన్నలో కిలోకి 6 నుంచి 15 మిల్లీగ్రాముల విషం ఉంది. తిండిగింజలకి ఇప్పుడున్న హద్దు కిలోకి 15 మైక్రోగ్రాములు, అంటే ఆ 15 మిల్లీగ్రాముల్లో వెయ్యో వంతు. గింజ చెడిందని ఆ పల్లెలవాళ్లకి తెలియక కాదు, ఇంట్లో ఉన్నది అదే.

1995లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, కర్ణాటకలోనూ కోత వేళ వానలు పడి జొన్న, మొక్కజొన్న బూజుపట్టాయి. రొట్టె తిన్న గంటలోపే కడుపునొప్పి, విరేచనాలు. ఈసారి విషం వేరు, ఫ్యుమోనిసిన్. ప్రాణాలు పోలేదు. ఆ గింజ మానగానే జనం కోలుకున్నారు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పేపర్ల నిండా ‘తడిసి రంగు మారిన ధాన్యం’ మాటే. ఇప్పుడు పంటికి బదులు తేమ కొలిచే మీటరుంది. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. మీటరు చూపేది తేమనే, విషాన్ని కాదు. కాదన్న ధాన్యాన్ని దళారీ ధర తెగ్గోసి తీసుకుపోతాడు. అది ఏ మిల్లుకి చేరుతుందో, ఏ బియ్యంలో కలుస్తుందో రైతూ అడగడు, గుమాస్తా రాయడు.